రంగు ఎక్కడ ఆగాలి?

మెక్సికో సిటీలో కాసా గిలార్డి అనే ఇల్లుంది. దాని భోజనాల గదిలోనే ఒక పక్కన చిన్న నీటి కొలను, ఆ నీళ్లలోంచి నిటారుగా లేచిన ఎర్రటి గులాబీ రంగు గోడ కనిపిస్తాయి. చూడగానే ఆ గోడ పైకప్పును మోస్తోందనిపిస్తుంది. నిజానికి అది దేన్నీ మోయడం లేదు. దాన్ని నిలబెట్టిన వాస్తుశిల్పి లూయిస్ బరగాన్ ఉద్దేశం వేరు. గదిలోకి వెలుగు రావాలి, గది కొలతలు కంటికి కుదరాలి, అందుకు అక్కడ ఒక రంగు కావాలి. ఆ రంగు నిలబడటానికి ఒక గోడ అవసరమైంది.

1902లో గ్వాదలహారాలో పుట్టిన బరగాన్‌కు 1980లో వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ పురస్కారం వచ్చింది. కాసా గిలార్డి ఆయన 1970ల మధ్యలో, డెబ్బై దాటాక కట్టిన ఇల్లు. స్థలం ఇరుకు. వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. మన ఊళ్లలో వంద గజాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ చిక్కు బాగా తెలుసు. వీధి గుమ్మం నుంచి పెరటి దాకా ఇల్లు రైలుపెట్టెలా సాగిపోతుంది. బరగాన్ ఆ పొడవును దాచిపెట్టలేదు. పొడవాటి నడవ కట్టి, ఒక పక్క గోడలో వరసగా నిలువు కంతలు వదిలి, వాటి గాజుకు పసుపు రంగు ఇచ్చారు. పగటిపూట ఆ నడవలో నడిచేవాళ్లు పసుపు వెలుగులోనే నడుస్తారు. నడవ చివర భోజనాల గది వస్తుంది. అక్కడ నీలి గోడలు, ముందు చెప్పిన గులాబీ గోడ, పైనుంచి ఏటవాలుగా పడే ఎండ. కాసేపు పసుపును చూసిన కన్ను దానికి అలవాటు పడిపోతుంది, ఆ వెంటనే నీలం కనబడితే మామూలు కంటే ముదురుగా చూస్తుంది. నడవలోని పసుపు చివరి గదిలోని నీలానికి ముందే రంగం సిద్ధం చేసి పెడుతోందన్నమాట.

ఈ ఇంటి ఫొటోలు చూసి ముచ్చటపడినవాళ్లు గులాబీ రంగు డబ్బా కొనుక్కుని వెళ్తారు. గోడకు వేశాక ఏదో తేడా కొట్టినట్టుంటుంది. బరగాన్ ఇంట్లో ప్రతి రంగూ ఒక అంచు దగ్గరో, ఒక గుమ్మం దగ్గరో తెగినట్టు ఆగిపోతుంది. ఆగిన చోటే స్థలం మారుతుంది. షేడ్ కార్డు ముందేసుకుని ఏ రంగు బాగుంటుందని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడేముందు తేల్చుకోవలసిన సంగతి ఇది: ఆ రంగు ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి?

మూల చేసే పని

ఫ్రాన్స్‌లో బోర్డో నగరం పక్కన పెసాక్ అనే ఊరుంది. ఆన్రీ ఫ్రుజెస్ అనే చక్కెర పరిశ్రమాధిపతి 1924-26 మధ్య అక్కడ కార్మికుల కోసం ఒక కాలనీ కట్టించారు. రూపకల్పన వాస్తుశిల్పి లె కోర్బూజియేది. యాభై దాకా ఇళ్లు, అన్నీ సిమెంటు పెట్టెల్లాంటివే, అన్నీ దగ్గర దగ్గరగా. అంతా ఒకే తెలుపు అయితే వీధిలో ఊపిరాడదు. అందుకని ఆయన కొన్ని ఇళ్ల ముఖాలకు లేత నీలం వేయించారు. అవి ఆకాశంలో కలిసి వెనక్కి జరిగినట్టుంటాయి. కొన్నింటికి లేత ఆకుపచ్చ వేయించారు. అవి చెట్లలో కలిసిపోతాయి. ఇంకొన్నింటికి మట్టిని గుర్తుచేసే గోధుమ ఎరుపు వేయడంతో అవి ఉన్నచోట గట్టిగా నిలబడతాయి.

అంతకంటే గమనించవలసిన పని ఇంకొకటి చేశారు. ఒకే ఇంటికి ముందు గోడ గోధుమ రంగులో, పక్క గోడ లేత ఆకుపచ్చలో ఉంటుంది. రెండు రంగులూ మూల అంచు మీద కలుస్తాయి. నిండుగా, బరువుగా కనిపించాల్సిన పెట్టె కాస్తా రెండు పలచని పలకలుగా కనిపిస్తుంది. ఒక్క ఇటుక కదలకుండా కట్టడం తేలికైపోయింది. కాలనీని 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడున్న కిటుకు చాలా సూటిగా ఉంటుంది. రంగు మూల తిరిగి పక్క గోడ మీదకూ పాకితే, ఆ రెండు గోడలూ ఒకే వస్తువని కన్ను నమ్ముతుంది. మూల దగ్గర తెగిపోతే, రెండూ వేర్వేరు పలకలని నమ్ముతుంది. గోడ మధ్యలో ఆగితే, అక్కడ కనబడని మరో గోడ ఉందేమోనని వెతుకుతుంది. ఈ మూడు ఆపులూ చేతిలో ఉంటే మామూలు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో చేయగలిగింది చాలా ఉంది.

హాలు పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పది అడుగులు ఉందనుకుందాం. ఎక్కువమంది ముదురు రంగును టీవీ గోడకు వేస్తారు. ఆ గోడ సాధారణంగా పొడవు వైపే ఉంటుంది. దాంతో పొడవు మరింత కళ్లకు కట్టి, హాలు నడవలా తయారవుతుంది. అదే రంగును చివరన ఉన్న చిన్న గోడకు వేసి, రెండు మూలల దగ్గరా గీత గీసినట్టు ఆపితే ఆ గోడ ముందుకొస్తుంది, హాలు కాస్త చదరంగా సర్దుకుంటుంది. ఇంకో అడుగు వేసి, ఆ రంగును రెండు పక్క గోడల మీదకూ మూడేసి అడుగులు మళ్లిస్తే అక్కడొక గూడు ఏర్పడుతుంది. డైనింగ్ టేబుల్ అందులో పెడితే భోజనాల చోటు వేరే గదిలా అనిపిస్తుంది. ప్లైవుడ్ పార్టిషన్ ఖర్చు ఉండదు, గాలి, వెలుతురు తగ్గవు.

ఆపే చోటుకు ఒక ఆధారం ఉండాలి. గుమ్మం చట్రం, పిల్లర్, దూలం, స్విచ్ బోర్డు వరస, ఏదో ఒకటి. అపార్ట్‌మెంట్లలో గోడ దాటి నాలుగైదు అంగుళాలు ముందుకొచ్చే పిల్లర్లు ఇంటివాళ్లకు తలనొప్పి. రంగు ఆపడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. పిల్లర్ గోడను కలిసే లోపలి మూలలో ఆపితే గీత నీటుగా వస్తుంది. బయటికి పొడుచుకొచ్చిన అంచు మీద ఆపితే మాత్రం గోడ అట్టముక్కలా పలచగా కనబడుతుంది. పెసాక్‌లో లె కోర్బూజియేకి కావలసింది ఆ పలచదనమే. హాలులో ఎక్కువసార్లు అది అక్కర్లేదు.

చండీగఢ్ హైకోర్టుకు వెళ్తే ఆయనే తన రంగుల్ని ఇంకో తీరులో వాడటం కనిపిస్తుంది. ప్రవేశ ద్వారం దగ్గర ఆకాశాన్నంటే మూడు భారీ స్తంభాలు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఉంటాయి. చుట్టూ ఉన్నదంతా బూడిద రంగు కాంక్రీటు. ఎంత దూరం నుంచి వచ్చేవాళ్లకైనా లోపలికి దారి ఎటో అడగక్కర్లేదు.

నేల మీద కూడా రంగు ఆగుతుంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో ట్రూస్ ష్రోడర్ అనే ఆమె కోసం వాస్తుశిల్పి హెరిట్ రీట్‌వెల్డ్ 1924లో కట్టిన ఇంట్లో పై అంతస్తుకు స్థిరమైన గోడలు దాదాపు లేవు. జరిపే తలుపులున్నాయి. ముగ్గురు పిల్లల తల్లి ఆమె. పగలు ఆ తలుపులన్నీ పక్కకు నెడితే ఒకే పెద్ద హాలు, రాత్రి మూస్తే పడకగదులు. నేల మీద ఎరుపు, నలుపు, బూడిద, తెలుపు పట్టాలు పరుచుకుని ఉంటాయి. తలుపులు తీసేసినా ఎవరి చోటు ఎక్కడిదాకా అన్నది నేల మీది రంగు చెబుతూనే ఉంటుంది. 1985లో కన్నుమూసేదాకా ఆమె ఆ ఇంట్లోనే ఉన్నారు. ఒకే గదిలో సంసారం నడిపేవాళ్లకు ఈ ఆలోచన ఎంతో పనికొస్తుంది. పిల్లలు చదువుకునే మూలలో ముదురు రంగు జంపఖానా ఒకటి ఎప్పుడూ ఒకేచోట పరిచి ఉంచితే, నాలుగు రోజుల్లో ఆ చోటుకు గది గుర్తింపు వస్తుంది.

మూలను అసలు లెక్కచేయకపోవడమూ ఒక పద్ధతే. కాలిఫోర్నియా తీరంలో సీ రాంచ్ అనే చోట 1960ల నడుమ చిన్న ఈత క్లబ్ కట్టారు. లోపల దుస్తులు మార్చుకునే ఇరుకు గదులు, మెట్లు, సాదా గోడలు. అలంకరణకు పెద్దగా డబ్బు లేదు. స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో గ్రాఫిక్ డిజైన్ చదువుకొచ్చిన బార్బరా స్టాఫాకర్ సాలమన్‌కు ఆ పని అప్పగించారు. ఆమె ఎరుపు, నీలం, పసుపు, నలుపు చారల్ని గోడ మీద మొదలుపెట్టి, మూల మీదుగా తీసుకెళ్లి, కప్పు మీదకు ఎక్కించారు. చార ఎక్కడా ఆగకపోవడంతో కన్ను చారనే పట్టుకుని వెళ్తుంది, గది ఎక్కడ ముగిసిందో పట్టించుకోదు. ఇరుకుతనం మరుగున పడుతుంది. ఈ తీరుకు తర్వాత సూపర్‌గ్రాఫిక్స్ అనే పేరు స్థిరపడింది. ప్రపంచమంతా ఆఫీసులు, బడులు, మెట్రో స్టేషన్లు దాన్ని అనుసరించాయి.

చారలంటే మన గుళ్ల ప్రాకారాలు గుర్తుకు రాకమానవు. తెల్లటి సున్నం మీద నిలువు కావి చారలు. పొడవాటి గోడను ఖాళీగా వదిలితే కన్ను జారిపోతుంది. చారలుంటే ఒక్కొక్క దాని దగ్గరా ఆగుతూ, ఆ పొడవును కొలుచుకుంటూ వెళ్తుంది. తెలంగాణ పల్లె ఇళ్లలో గోడ అడుగున వేసే జాజు పట్టీ కూడా స్థలాన్ని దిద్దే పనే. అరుగు నుంచి మోకాలెత్తు దాకా ఎరుపు, పైన తెలుపు. వానకు చిందిన బురద అందులో కలిసిపోతుంది, ఇల్లు నేలలో వేళ్లూనినట్టు కూర్చుంటుంది. కప్పు తక్కువ ఎత్తులో ఉన్న గదికి ఇదే పద్ధతి వాడుకోవచ్చు. కింది మూడో వంతు ముదురు రంగు వేసి, పై భాగానికీ శ్లాబుకీ ఒకే లేత రంగు వేయాలి. గోడ, శ్లాబు కలిసే గీత కనబడకుండా పోయి, కప్పు పైకి లేచినట్టుంటుంది.

ముందుకొచ్చే రంగు, వెనక్కి పోయే రంగు

ఎరుపు, నారింజ ముందుకొస్తాయని, నీలం వెనక్కి పోతుందని డిజైన్ పుస్తకాలన్నీ చెబుతాయి. దీనికి కంటి నిర్మాణంలోనే కొంత ఆధారం ఉంది. కంటి కటకం అన్ని రంగుల కాంతినీ ఒకేలా వంచదు. నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా వంచుతుంది. అందువల్ల నల్లటి నేపథ్యం మీద పక్కపక్కనే ఉన్న ఎర్ర అక్షరం, నీలి అక్షరం చాలామందికి వేర్వేరు దూరాల్లో ఉన్నట్టు కనిపిస్తాయి. 

అయితే ఆ సూత్రాన్ని గుడ్డిగా నమ్ముకుని గోడలకు రంగు వేస్తే దెబ్బతింటారు. చుట్టూ ఉన్నదానితో ఏది ఎక్కువ తేడాగా ఉంటే అది ముందుకొస్తుంది. తెల్ల గోడల నడుమ ముదురు నీలం గోడ వెనక్కి పోదు, మీద మీదకు వస్తుంది. నారింజ రంగు గదిలో నారింజ రంగు సోఫా ఎంత ప్రకాశంగా ఉన్నా గోడలో కలిసిపోతుంది. గది పెద్దదిగా కనబడాలని ఒక గోడకు నీలం వేసి, మిగతా మూడింటినీ పాలతెలుపుగా ఉంచేవాళ్లు అనుకున్నదానికి పూర్తిగా వ్యతిరేక ఫలితం తెచ్చుకుంటున్నారు. గోడ వెనక్కి పోవాలంటే ఆ రంగు పక్క గోడల రంగుకు దగ్గరగా, ఒకటి రెండు మెట్లు మాత్రమే ముదురుగా ఉండాలి.

నాలుగు గోడలూ ఒకే గాఢమైన రంగులో ముంచితే ఏమవుతుందో చిత్రకారుడు ఆన్రీ మాటిస్ 1911లో చూపించారు. పారిస్ దగ్గర ఇసీలో ఉన్న తన స్టూడియోను ఆయన మొదట గులాబీ, నీలం, పసుపు మట్టి రంగుల్లో చిత్రించారు. తర్వాత నేల, గోడలు, బల్ల, గడియారం అన్నింటి మీదుగా ఇటుక ఎరుపు పరిచేశారు. బల్ల అంచులు, కుర్చీ గీతలు అనిపించేవి నిజానికి గీతలు కావు. ఎరుపు వేసేటప్పుడు వదిలేసిన సన్నటి సందుల్లోంచి కింది రంగులు తొంగిచూస్తున్నాయి. ‘రెడ్ స్టూడియో’ పేరుతో ఆ చిత్రం ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. అందులో గోడ ఎక్కడ ముగిసి నేల ఎక్కడ మొదలైందో ఎరుపు చెప్పదు. గోడలకు ఆనించి ఉన్న ఆయన బొమ్మలు మాత్రం తమ సొంత రంగుల్లో గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తాయి. నేపథ్యం ఒక్కటే అయినప్పుడు దాని మీదున్న ప్రతి వస్తువూ పలుకుతుంది.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, దాని మీద కథను అడ్డపట్టీల వరసలుగా గీస్తారు. మనుషుల మధ్య, చెట్ల మధ్య, రథాల మధ్య మిగిలిన ఖాళీ అంతా ఎరుపే. ఆ ఎరుపు ఆకాశమూ కాదు, గోడా కాదు. దూరాన్ని పూర్తిగా తుడిచేస్తుంది. అందువల్ల దేవుడు, రాజు, పశువు, పల్లకీ అందరూ ఒకే దగ్గరతనంతో ముందుకొస్తారు. కథకుడు రాత్రి దీపం వెలుగులో పటం విప్పుతూ పాడుతుంటే, వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా పసుపు, నీలం, తెలుపు బొమ్మలు విడివిడిగా తెలియాలి. ఎర్ర నేపథ్యం ఆ పని చేసిపెడుతుంది. తెలంగాణ పల్లె మనుషుల్ని కుంకుమ ఎరుపు, కాషాయం, పసుపు పచ్చల్లో నిలబెట్టే తోట వైకుంఠం బొమ్మల్లో కూడా వెనక దృశ్యం తక్కువ. మనిషే చట్రమంతా నిండి ఉంటాడు.

ఇంట్లో దీన్ని చిన్న చోట పరీక్షించుకోవచ్చు. పుస్తకాల అల్మరా వెనక పలకకు, గూటి లోపలి భాగానికి, పూజ గది వెనక గోడకు ఒకే గాఢమైన రంగు వేయాలి. ఇత్తడి దీపపు కుందెలు, తెల్లటి పింగాణీ, ఏటికొప్పాక లక్క బొమ్మలు అంతదాకా కనిపించని స్పష్టతతో బయటికొస్తాయి. నాలుగైదు చదరపు అడుగుల పని కాబట్టి నచ్చకపోతే ఆదివారం మధ్యాహ్నానికల్లా మార్చేయవచ్చు.

చూసే మనిషి ఎక్కడుంటాడు?

ఫిన్లాండ్‌లో పైమియో క్షయ ఆస్పత్రిని 1933లో వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో పూర్తిచేశారు. అప్పట్లో క్షయకు మందు లేదు. రోగులు నెలల తరబడి మంచం మీదే ఉండేవాళ్లు. పడుకున్న మనిషికి ఎదురుగా ఉండేది గోడ కాదు, కప్పు. అందుకని ఆల్టో రోగుల గదుల కప్పుకు తెల్లరంగు వద్దని, కళ్లకు హాయిగా ఉండే మసక ఆకుపచ్చ వేయించారు. దీపాల వెలుగు నేరుగా కళ్లలో పడకుండా చూశారు. నిలబడి, నడిచే చోట ఆయన తీరే మారిపోయింది. మెట్ల మీద, ప్రవేశం దగ్గర నేలంతా మెరిసే పసుపు. బయట ఫిన్లాండ్ చలికాలం ఎంత మసగ్గా ఉన్నా లోపల ఎండ కాసినట్టుంటుంది.

ఇంటికి రంగు నిర్ణయించేటప్పుడు చాలామంది గుమ్మంలో నిలబడి చూస్తారు. అది అతిథి చూసే చోటు. ఇంట్లో ఉండేవాళ్లు అక్కడ ఎప్పుడో గానీ నిలబడరు. మంచం మీద పడుకుని ఏం కనబడుతుందో చూడాలి. వంటింట్లో స్టవ్ ముందు నిలబడి, కుర్చీలో కూర్చుని, ఊయలలో పిల్లాడి ఎత్తుకు వంగి చూడాలి. మంచానపడిన పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో కప్పు రంగు గురించి ఎవరూ ఆలోచించకపోవడం బాధ కలిగించే సంగతి. రోజంతా వాళ్లు చూసేది ఆ తెల్ల శ్లాబునూ తిరిగే ఫ్యాన్‌నే. కప్పుకు లేత ఆకుపచ్చో, మసక నీలమో వేయడానికి అయ్యే ఖర్చు ఒక గోడకు అయ్యేదానికంటే ఎక్కువేమీ కాదు.

పడకగదిలో ముదురు రంగు వేయాలనుకుంటే తల వెనక గోడే సరైనది. గదిలోకి వచ్చేటప్పుడు అది నిండుగా కనిపిస్తుంది, పడుకున్నాక కంటికి అడ్డు రాదు.

ఏ రంగు మనసుకు ఏం చేస్తుందో ఘంటాపథంగా చెప్పే పట్టికలు బజార్లో బోలెడు. వాటిని ఆచితూచి చదవాలి. ఒక రకం గులాబీ రంగు కోపాన్ని చల్లారుస్తుందని 1979లో అమెరికాలోని ఒక నౌకాదళ జైలు గదికి అది వేసి ప్రచారం చేశారు. ఎన్నో జైళ్లు అనుసరించాయి. తర్వాత జాగ్రత్తగా చేసిన ప్రయోగాల్లో ఆ ప్రభావం నిలబడలేదు. రంగు గది కొలతల్ని ఎలా మారుస్తుందో ఎవరైనా తమ కళ్లతో పరీక్షించి చూసుకోవచ్చు కాబట్టి, ముందు దాన్ని నమ్ముకోవడం మేలు.

పక్కనున్న రంగు

పారిస్‌లో గోబెలిన్ అనే ప్రసిద్ధ టాపెస్ట్రీ (నేత చిత్రాల) కార్ఖానాలో 1820ల్లో ఒక ఫిర్యాదు వచ్చింది. నలుపు నూలు సరిగా రంగు పట్టడం లేదని, నీలం, ఊదా రంగుల పక్కన వెలిసినట్టు కనిపిస్తోందని. అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రోల్ ఆ నలుపును పరీక్షించారు. రంగులో ఏ లోపమూ లేదు. పక్కనున్న నీలమే ఆ నలుపును చెడగొడుతోంది. ప్రతి రంగూ తన పొరుగు రంగును తనకు విరుద్ధమైన వైపు నెడుతుందని ఆయన ఏళ్ల తరబడి శోధించి, 1839లో పెద్ద గ్రంథం వెలువరించారు.

దాన్నే పాఠంగా మలిచి నేర్పినవారు జోసెఫ్ ఆల్బర్స్. జర్మనీలో బౌహౌస్ కళా విద్యాలయం మూతపడ్డాక అమెరికా చేరి, చివరికి యేల్ విశ్వవిద్యాలయంలో బోధించారు. 1963లో ఆయన ‘ఇంటరాక్షన్ ఆఫ్ కలర్’ పుస్తకం వచ్చింది. విద్యార్థులకు ఆయన పెయింట్ బదులు రంగు కాగితాలు ఇచ్చేవారు. ఆ అభ్యాసాల్లో ఒకటి ఇంట్లోనే చేయవచ్చు. ఒక బూడిద ఆకుపచ్చ కాగితం నుంచి రెండు చిన్న చదరాలు కత్తిరించాలి. ఒకదాన్ని పసుపు కాగితం మధ్య, మరొకదాన్ని ముదురు నీలం కాగితం మధ్య పెట్టాలి. అవి రెండు వేర్వేరు రంగులని పక్కవాళ్లు ఒట్టేసి చెబుతారు. రెండింటినీ కలుపుతూ అదే కాగితం ముక్క అడ్డంగా పెట్టేదాకా నమ్మరు.

గది విషయంలో దీని అర్థం ఏమిటంటే, షేడ్ కార్డు మీద తెల్ల అంచుల మధ్య కూర్చున్న చిన్న రంగు ముక్కకూ, ఎర్ర గచ్చు, టేకు తలుపు, పచ్చ కర్టెన్ల నడుమ గోడంతా పరుచుకున్న అదే రంగుకూ పోలిక ఉండదు. గోడలు ఒకదాని వెలుగును మరొకటి తిప్పికొడుతుంటాయి కాబట్టి ఎదురెదురు గోడలకు ఒకే గాఢమైన రంగు వేస్తే అది కార్డులో కంటే బాగా ముదురుతుంది. కప్పు మీద, మనుషుల ముఖాల మీద కూడా దాని ఛాయ పడుతుంది. నిమ్మపండు ఆకుపచ్చ గదిలో అద్దం ముందు నిలబడినవాళ్లకు తాము నీరసంగా ఉన్నట్టు అనిపించడానికి కారణం అదే. కార్డులో నచ్చిన రంగు కంటే ఒక మెట్టు తక్కువ గాఢత ఉన్నది ఎంచుకోవడం మంచిది.

బరగాన్ పెద్ద పెద్ద అట్టలకు రంగు వేయించి, గోడలకు ఆనించి, ఇటూ అటూ జరుపుతూ పూటపూటకూ వచ్చి చూసుకునేవారట. ఆయన పక్కన సలహాకు చూచో రెయెస్ అనే చిత్రకారుడైన స్నేహితుడు ఉండేవాడు. అలాంటి అట్ట ఎవరైనా చేసుకోవచ్చు. మూడడుగుల హార్డ్‌బోర్డు ముక్క రెండు తీసుకుని, అంచుల దాకా సాంపిల్ డబ్బాతో రెండు కోట్లు వేయాలి. రెండింటినీ గది మూలలో కలిసేలా ఆనిస్తే ఒకదాని రంగు మరొకదాని మీద పడి ఎలా ముదురుతుందో తెలుస్తుంది. ఉదయం కిటికీ వెలుగులో, సాయంత్రం పడమటి ఎండలో, రాత్రి బల్బు కింద మూడుసార్లూ చూడాలి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే తెల్ల ఎల్ఈడీలు 6500 కెల్విన్‌వి. వాటి కింద నీలాలు గట్టిపడతాయి, ఎరుపులు, కాషాయాలు మందగిస్తాయి. ఎరుపుకు ప్రాధాన్యం ఉన్న గదిలో 3000 కెల్విన్ బల్బు, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 ఉన్నది పెట్టుకుంటే రంగుకు పెట్టిన డబ్బు రాత్రిపూట కూడా దక్కుతుంది.

పని మొదలయ్యాక పెయింటర్‌తో ముందే మాట్లాడుకోవలసినవి కొన్నున్నాయి. కొత్త ప్లాస్టరింగ్‌లో క్షారం ఎక్కువ. నెల రోజులైనా ఆరకముందే వేస్తే ప్రకాశవంతమైన రంగులు మచ్చలు పడతాయి. మెరిసే పసుపు, ఎరుపు సులభంగా కవరేజ్ ఇవ్వవు. రెండు కోట్లలో అయిపోతుందని ఒప్పుకున్న పని నాలుగింటికి వెళ్తుంది. కింద ప్రైమర్‌లోనే కొంత రంగు కలిపించుకుంటే ఒక కోటు మిగులుతుంది. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే మ్యాట్ ఫినిష్ వేయించాలి. గ్లాసీ ఫినిష్ కిటికీని అద్దంలా చూపించి పలకను ముక్కలు చేస్తుంది, పుట్టీ లోపాలన్నీ బయటపెడుతుంది. రంగు ఆగే గీత దగ్గర మాస్కింగ్ టేప్ వేసి, ముందుగా కింద ఉన్న లేత రంగునే టేప్ అంచు మీద ఒకసారి పామి, ఆరాక ముదురు రంగు వేస్తే లోపలికి కారదు. ఈ అధ్యాయం చెప్పినదంతా ఆ గీత శుభ్రంగా రావడం మీదే ఆధారపడి ఉంది. ఆ ఒక్క చోట పెయింటర్‌ను తొందరపెట్టకూడదు.

ఎండ తగిలే బయటి గోడలకు గులాబీ, ఊదా, మెరిసే నారింజ వేసేవాళ్లు కొన్నేళ్లకోసారి మళ్లీ వేయడానికి సిద్ధపడాలి. వాటిలో వాడే చాలా వర్ణకాలు ఎండకు తట్టుకోలేవు. కావి, జాజు ఇనుప ఆక్సైడులు. అవి ఎండకూ వెలవవు, సున్నానికీ చెడవు. గుడి ప్రాకారాలకు అవే వాడటం వెనక ఆ మన్నిక ఉంది.

ఆల్బర్స్ 1950లో మొదలుపెట్టి 1976లో చనిపోయేదాకా చదరంలో చదరం పెట్టి వెయ్యికి పైగా చిత్రాలు వేశారు. ట్యూబులోని రంగును కలపకుండా నేరుగా ప్యాలెట్ కత్తితో హార్డ్‌బోర్డు మీద పరిచేవారు. ప్రతి బోర్డు వెనక ఏ రంగు, ఏ కంపెనీది అని వరసగా రాసిపెట్టేవారు. ఇంట్లో ఆ పని అటక తలుపు లోపలి వైపు చేసుకోవచ్చు: గోడ పేరు, కంపెనీ, షేడ్ కోడ్, ఫినిష్, వేసిన నెల. ఏసీ పైపు కోసం కన్నం కొట్టాక అతుకు వేయవలసి వచ్చినప్పుడు ఆ కోడ్ దొరుకుతుంది. అయినా పాత గోడ అప్పటికే కొంత వెలిసి ఉంటుంది, కొత్త రంగు మచ్చలా కనబడుతుంది. అందువల్ల కన్నం చుట్టూ పూయకుండా, ఆ గోడ మొత్తాన్ని ఒక మూల నుంచి మరో మూల దాకా వేయించుకోవాలి.